పదిహేడో చోటు

టైపిస్టుకి మూడు ఉండకూడదని మా సూపర్‌వైజరు అనేది: వాగుడు, జలుబు, తెలివి. మొదటి రెండూ నాకు లేవు. మూడోది కాస్త ఉందనుకునేదాన్ని. ఆ కాస్తే ఒక పెద్దాయన కొంప ముంచబోయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలు, "ఆంటీ, మీ టైమ్‌లో వర్క్ ఎలా ఉండేది?" అని అడిగినప్పుడల్లా నేను ఈ సంగతే చెబుతాను. చెప్పుకోవడానికి గొప్పలు ఎలాగూ తక్కువే.

ఎవరి పేర్లూ రాయను. కొందరు పోయారు. ఉన్నవాళ్లు ఫోన్ చేసి తిట్టగలరు.

ఎనభైల చివర్లో మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీ టైపింగ్ విభాగంలో చేరాను. భూమికి సగం కిందుండే గది. కిటికీలోంచి నడిచేవాళ్ల బూట్లు మాత్రమే కనిపించేవి. అయిదుగురు ఆడవాళ్లం. మేష్టార్లు, విద్యార్థులు చేత్తో రాసినవి తెస్తే వర్డ్ ప్రాసెసర్ మీద కొట్టి, ఫ్లాపీలో దాచి, ప్రింటు తీసి ఇచ్చేవాళ్లం. క్యాసెట్ తెస్తే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ విని కొట్టేవాళ్లం. నియమం ఒక్కటే. రాసింది రాసినట్టు కొట్టాలి. సందేహం వస్తే పసుపు చీటీ అంటించి అడగాలి. సొంతంగా ఒక్క అక్షరం దిద్దకూడదు. మా సూపర్‌వైజరు గొర్రెల పెంపకం చేసే కుటుంబంలోంచి వచ్చిన మనిషి, గట్టిది. అందర్నీ "లవ్" అని పిలిచేది. ప్రేమతో అనుకునేరు, తిట్టేటప్పుడూ అదే మాట.

ఆ పెద్దాయన మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. డెబ్బై నాలుగేళ్లు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. అందరూ ఫైళ్లలో తెచ్చేవాళ్లు, ఈయన కోటు గుడ్డ అంచుతో కట్టిన కట్ట తెచ్చాడు. విప్పితే కాగితాలు వేళ్లకి మందంగా తగిలాయి. బట్టల నమూనాలు గీసే ప్యాటర్న్ పేపరు. పోలండ్‌లో పుట్టి, యుద్ధం అయిపోయాక ఓడెక్కి ఇక్కడికి వచ్చి, ముప్పై ఏళ్లు ఊళ్లో కుట్టుపని షాపుల్లో కటింగ్ మాస్టరుగా చేశాడట. రిటైరయ్యాక యూనివర్సిటీలో చేరాడు. మిగిలిన ప్యాటర్న్ పేపరుని కత్తెరతో పేజీలుగా కోసుకుని, దాని మీద థీసిస్ రాశాడు.

నేను "సార్" అని పిలిచాను.

"సార్ అంటే గదీ కుర్చీ ఉన్నవాడు. నాకు లైబ్రరీలో ఒక స్టూలుంది, అంతే. పేరు పెట్టి పిలువు."

తెనాలి పక్కన పుట్టిన ఆడపిల్ల డెబ్బై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడమే! నాకు నోరు రాలేదు. చివరిదాకా సారే.

ఆయన పని ఏమిటో చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మధ్యయుగాల్లో యూదు పండితులు బైబిలుకి వాక్యం వాక్యానికీ వ్యాఖ్య రాసేవాళ్లు. వాక్యంలో ఎక్కడ ఖాళీ కనిపించినా అక్కడ ఒక కథ చెప్పడం పాత పద్ధతి. యోసేపు అన్నల్ని వెతుక్కుంటూ పొలాల్లో దారితప్పితే ఎవరో ఒక మనిషి ఎదురై, వాళ్లు ఫలానా వైపు వెళ్లారని చెబుతాడు. బైబిలు అతనెవరో చెప్పదు. దేవదూత అన్నారు పాతవాళ్లు. తర్వాత ఉత్తర ఫ్రాన్స్‌లో కొందరు బయలుదేరి, కథలొద్దు, వాక్యం సాదాగా ఏం చెబుతోందో అంతే చెబుదాం అన్నారు. మా పెద్దాయన పట్టుకున్న వ్యాఖ్యాత ఆ కోవలోవాడు. అతని పేరు ఎవరికీ తెలియదు. రాతప్రతి మొదటి ఆకులు పోయాయి. యూరప్‌లో ఏదో లైబ్రరీలో ఉన్న ఆ ప్రతిని మైక్రోఫిల్మ్‌గా ఆరు నెలలకి అప్పు తెప్పించుకుని, కళ్లు చించుకుని చదివి, ఇంగ్లీషులోకి తెచ్చాడీయన. ఫిల్మ్ వెనక్కి వెళ్లిపోయింది.

"కొందరు వాక్యానికి కోటు కుడతారు," అన్నాడొకసారి, మా గదిలో టీ తాగుతూ. "మావాడు కొలతలు మాత్రం తీసుకుంటాడు."

నేను టైపు చేసి ఇవ్వగానే చేతిరాత కాగితాలు వెనక్కి అడిగేవాడు. ఇంగ్లీషు మధ్యలో హీబ్రూ వాక్యాలు రాశాడు, వాటిలో దేవుడి పేరుంది, అవి చెత్తబుట్టలో పడకూడదు. మన తెలుగు బైబిల్లో సమాజమందిరం అంటామే, ఆ సినగాగ్‌లో ఒక పెట్టె ఉంటుందట. పాడైన ప్రార్థన పుస్తకాలూ ఇలాంటి కాగితాలూ అందులో వేస్తారు. నిండాక శ్మశానానికి తీసుకెళ్లి మనిషిని పూడ్చినట్టు మర్యాదగా పూడుస్తారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! మా నాన్న పాత బైబిలు అట్టలూడిపోతే పారేయలేక, తెల్లగుడ్డలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టుకున్నాడు.

ఇక నా ఘనకార్యం. రెండో అధ్యాయం నిండా ఆ వ్యాఖ్యాత మాటల అనువాదం. మధ్యమధ్య పెద్దాయన సొంత వివరణ. ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. కొడుతూ కొడుతూ యోసేపు దగ్గరికి వచ్చాను. దేవదూత అన్నవాళ్లున్నారు, బాటసారి అన్నవాళ్లున్నారు అని రాసి, ఆ కింద ఒక ముక్క: అతనెవరో నాకు తెలియదు. నాకు మనసు చివుక్కుమంది. పాపం, పెద్దాయనకి తెలియలేదు కాబోలు, తర్వాత చూసి రాద్దామని గుర్తుగా పెట్టుకుని మర్చిపోయి ఉంటాడు. ఇది పరీక్షకుల కంట పడితే? డెబ్బై నాలుగేళ్ల మనిషి, కటింగ్ మాస్టరు, తెలియదు అని రాసుకున్నాడని నవ్వరూ? ఆ ముక్క కొట్టకుండా వదిలేశాను. ఇంకో పది పేజీలకి మళ్లీ అదే మాట. అదీ వదిలేశాను. అధ్యాయం పూర్తయ్యేసరికి అలాంటివి చాలానే తీసేశాను. పసుపు చీటీ అంటించి అడగొచ్చుగా అంటారేమో. ఆయన్ని పట్టుకుని, "సార్, మీకు తెలియదని ఇక్కడుంది, ఉంచమంటారా?" అని ఎలా అడగను? అది ఆయన్ని అవమానించినట్టు కాదూ?

నేను పెరిగిన ఇల్లు అలాంటిది. మా నాన్న పాస్టరు. సంఘంలో ఎవరేం అడిగినా జవాబు ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఎందుకు పోయిందని అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పాడు. నేను మళ్లీ అడగలేదు. పెద్దవాళ్లకి తెలియనిది ఉండదు, ఉన్నా అది బయటికి రాకుండా చూసుకోవడం మన బాధ్యత. అదే మర్యాద అనుకుని బతికాను.

ఆ అధ్యాయం ఆయన దిద్దుకోవాలి. కానీ ఆ ఏడాదే ఆయన చూపు మధ్యలో మసకబారడం మొదలైంది. ముఖం చూస్తే చెవులు కనపడతాయి, ముక్కు కనపడదు అనేవాడు. ప్రింటు కాగితాలు చేత్తో తడిమి, "నీట్‌గా ఉన్నాయి" అని సంతకం పెట్టేశాడు. నా మీద నమ్మకం. చివరి అధ్యాయం రాయలేక క్యాసెట్ల మీద చెప్పి ఇచ్చాడు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. నవంబరు చివరికి ఇచ్చెయ్యాలి, ఆ ఏడాది చివరితో ఆయనకి గైడుగా ఉన్న ప్రొఫెసరు రిటైరవుతున్నాడు. ఆ ప్రొఫెసరు తప్ప ఆ పని అర్థమయ్యేవాడు అక్కడ ఇంకొకడు లేడు.

నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం ఆఖరి క్యాసెట్ పెట్టుకున్నాను. ఆయన గొంతు నెమ్మదిగా చెబుతోంది.

"ఇప్పుడు రెండో అధ్యాయంలో నేను అనువదించిన పదిహేడు చోట్ల సంగతికి వస్తాను. ఆ పదిహేడు చోట్లా ఈ వ్యాఖ్యాత తనకి తెలియదని రాశాడు. ఆ వాక్యాన్ని దాటిపోతే ఎవరూ అడిగేవాళ్లు కాదు. తోలు మీద రాసే రోజులు, చోటు దొరకడం కష్టం. అయినా చోటు కేటాయించి మరీ తెలియదని రాశాడు. మిగతా వేల చోట్ల ఇతన్ని నమ్మొచ్చని నాకు ఈ పదిహేడు చోట్లే చెప్పాయి. నా థీసిస్ మొత్తం ఇంతే."

కాలు పెడల్ మీద అలాగే ఉండిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మూడోసారి విన్నాను. ఓరి దేవుడా, నేను ఆయన తప్పులు దాచాననుకున్నాను. ఆయన ప్రాణం తీసి పారేశాను.

నా ఫ్లాపీలో ఆ మాటలు లేవు, నేను అసలు కొట్టనేలేదు కాబట్టి. చేతిరాత ఆయన తీసుకెళ్లిపోయాడు. ఫిల్మ్ యూరప్‌లో ఉంది. మళ్లీ తెప్పించినా చదవడానికి ఆయనకి కళ్లు లేవు.

ఇంటికెళ్లి అన్నాల దగ్గర చెప్పేశాను. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అంతా విని, "నీకెందుకే అంత పెద్దరికం? ఉన్నది ఉన్నట్టు కొట్టి రావొచ్చుగా!" అన్నాడు.

"అయిపోయిందిగా. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ప్రొబేషన్ కదా నీది. జాబ్ పోద్దేమో."

"పోనీ. ఆయన మొహం ఎట్టా చూడను?"

మా ఆరేళ్లది నా చెయ్యి పట్టుకుని, "మమ్, ఆర్ యూ ఇన్ ట్రబుల్?" అంది. ఇది కూడా అడిగేదే!

మా ఆయన కాసేపు పెరుగన్నం కెలికి, "పొద్దున్నే ఎళ్లి చెప్పెయ్. పిల్లని నేను స్కూల్లో డ్రాప్ చేస్తాలే," అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చేసింది.

శుక్రవారం ముందు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాను. నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ సిగరెట్ పెట్టె టేబుల్ మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ వింది.

"పదిహేడా, లవ్?"

"పదిహేడూ."

"బ్లడీ హెల్." కాసేపు కిటికీలోంచి బూట్లు చూసింది. "నిన్ను తిట్టడానికి సోమవారం టైమ్ పెట్టుకుంటాను. ఇప్పుడు వెళ్లి ఆయనకి చెప్పు. ఫోన్లో కాదు, మనిషివి వెళ్లి చెప్పు."

ట్రామెక్కి బాలక్లావా పేటలో ఆయన ఫ్లాటుకి వెళ్లాను. గాజు గ్లాసులో నిమ్మకాయ చెక్క వేసుకుని టీ తాగుతున్నాడు. నా గొంతు వినగానే మొహం విప్పారింది. ఆఖరి అధ్యాయం అయిపోయిందేమో అనుకున్నాడు పాపం. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"అన్నీ తీసేశావా?"

"అన్నీ, సార్."

"ఒక్కటీ మిగల్లేదా?"

"లేదు సార్. నేను పని పూర్తిగా చేస్తాను," అన్నాను. ఏ దెయ్యం పట్టి అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆయన టీ పక్కన పెట్టేశాడు. గ్లాసు సాసరులో చప్పుడు చేసింది. "ఎవరు అడిగారు నిన్ను? ఆ మనిషి ఏడెనిమిది వందల ఏళ్లు ఓపిక పట్టాడు, ఒకడు చదువుతాడని. నువ్వెవరు అతని నోరు ముయ్యడానికి? వెళ్లు. బయటికి వెళ్లు."

వెళ్లాను. మెట్ల మీద నిలబడి, ట్రామెక్కి ఇంటికి పోవాలో ఆఫీసుకి పోవాలో కూడా తెలియక గోడకి ఆనుకున్నాను. మూడు నాలుగు నిమిషాలయ్యాక తలుపు తెరుచుకుంది. ఆయన కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. తాళంచెవి నా వైపు చాచాడు.

"తాళం కప్ప నాకు కనపడదు. నువ్వు వెయ్యి. ఆ కాగితాలు పెట్టెలో వేశాను. ఇంకా పూడ్చకపోతే దొరకొచ్చు."

దారిలో నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు. ఒక సందు దాటాక అడిగాడు, "ఎందుకు చేశావు?" మా నాన్న గురించి చెప్పాను. అమ్మ గురించీ చెప్పాను, ఎవరికీ చెప్పనిది. ఇంకో సందు దాటాం. తర్వాత, "మీ నాన్నకీ తెలిసి ఉండదు," అన్నాడు మెల్లగా. నేను తల ఊపాను. ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "అవును సార్," అన్నాను.

సినగాగ్ వెనక ఒక రేకుల షెడ్డు. అక్కడి సంరక్షకుడు కండలు తిరిగిన ముసలాయన. పెట్టె నిండితే గోనెసంచుల్లోకి ఎత్తాడట. ఆరు సంచులున్నాయి. "ఆదివారం పొద్దున్నే ట్రక్కు వస్తుంది. ఇవాళ అయిదింటికి తాళం వేసేస్తాను, రేపు సాయంత్రం దాకా సబ్బాతు, మేం పని చెయ్యకూడని రోజు. రేపు ఎవరు ఏడ్చినా తియ్యను. ఏం చేసుకుంటారో ఈలోపే చేసుకోండి," అన్నాడు. అప్పటికి పదకొండు దాటింది. ఇంకో మాట కూడా చెప్పాడు. కాగితాలు నేల మీద పెట్టకూడదు. బెంచీ మీద దుప్పటి పరిచి ఇచ్చాడు.

సంచి విప్పితే ఏముంటాయి! అట్టలూడిన ప్రార్థన పుస్తకాలు, పిల్లల హీబ్రూ వాచకాలు, చిరిగిన ఆకులు, తేమ పట్టి అంటుకుపోయిన కట్టలు. నాకు ఆ అక్షరాలు రావు. ఆయనకి చూపు లేదు. మొదటి సంచిలో గంట పట్టింది. రెండో సంచికి ఆయన నన్ను పక్కకి జరగమని, రెండు చేతులూ మోచేతుల దాకా సంచిలో పెట్టాడు. వేళ్లతో వెతుకుతున్నాడు. ముప్పై ఏళ్లు గుడ్డనీ ప్యాటర్న్ పేపర్నీ పట్టుకున్న వేళ్లు. మామూలు కాగితాల మధ్య ఆ మందం తగలగానే ఆగి, అంచు పట్టుకుని నెమ్మదిగా లాగేవాడు. పైకి తీశాక నేను చదివేదాన్ని. "ఇది పేజీ పద్దెనిమిది సార్. ఉంది సార్, తెలియదు అని ఉంది!" ఆ మాట అంత సంతోషంగా ఎప్పుడైనా ఎవరైనా చదివారా అని నాకే నవ్వొచ్చింది.

ఒకసారి నా చేతిలోంచి ఒక ఆకు జారి నేల మీద పడింది. చటుక్కున తీసి కళ్లకద్దుకున్నాను. అలవాటు, ఆలోచించి చేసింది కాదు. తలెత్తితే సంరక్షకుడు నన్నే చూస్తున్నాడు. "మేం ముద్దు పెట్టుకుంటాం," అన్నాడు. వెళ్లి నాకొక కుర్చీ తెచ్చి వేశాడు.

సంరక్షకుడి ఫోన్లోంచి నేను సంగతి చెబితే, ఒంటిగంటన్నరకి మా సూపర్‌వైజరు కారేసుకుని వచ్చింది. మాకు శాండ్‌విచ్‌లు తెచ్చింది. సంరక్షకుడు గేటు దగ్గరే పొట్లం వాసన చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. పందిమాంసం, వాళ్లకి నిషిద్ధం. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. "సారీ మేట్, గొర్రెలు తప్ప మతాలు తెలియని ఇంట్లో పెరిగాను," అని, కారులో కూర్చుని మూడు శాండ్‌విచ్‌లూ తనే తినేసి, చేతులు కడుక్కుని వచ్చి మాతోపాటు నిలబడింది. ఆ చివరి రెండు సంచులూ ఆవిడే పట్టింది. నన్ను తిట్టడానికి పెట్టుకున్న సోమవారం ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

నాలుగున్నరకి ఆరు సంచులూ అయిపోయాయి. లెక్క చూస్తే పదహారు. మళ్లీ చూశాను. పదహారే.

పెద్దాయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. మొదట ఇచ్చిన కాగితాలు ఆయన సెప్టెంబరులోనే, వాళ్ల కొత్త సంవత్సరానికి ముందే పెట్టెలో వేశాడు. ఆ ఒక్క పేజీ వాటిలో కలిసిపోయి ఉంటుంది, అవి అప్పుడే శ్మశానానికి వెళ్లిపోయాయి.

"తవ్వి తీయలేమా?" అని అడిగాను.

సంరక్షకుడు నా వైపు చూసిన చూపుకి నేనే తల దించుకున్నాను. కోప్పడలేదాయన. తాళంచెవులు తీసి, "సబ్బాతు వచ్చేస్తోంది," అన్నాడు.

సోమవారం నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన వచ్చి నా పక్కన కూర్చునేవాడు. పదహారు చోట్లా పదహారు మాటలు తిరిగి పెట్టాను. ప్రతిదీ పైకి చదివాను. పదిహేడో చోటు మిగిలింది. అది అబ్రాహాము కొడుకుని బలివ్వడానికి కొండెక్కిన చోటు. ఇద్దరూ కలిసి ఎక్కారని ఉంటుంది. దిగేటప్పుడు తండ్రి ఒక్కడి పేరే ఉంటుంది. ఇస్సాకు ఏమయ్యాడు? పండితులు ఎన్నో కథలు చెప్పారట. మా పేరులేని ఆయన ఏదో అన్నాడు. తెలియదనే అన్నాడు. కానీ ఎలా అన్నాడు? తనకి తెలియదన్నాడా, తన గురువులకీ తెలియదన్నాడా, ఎవరి దగ్గరా వినలేదన్నాడా?

"గుర్తు రావడం లేదు," అన్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనూ మా తమ్ముడూ కలిసే అడవిలోకి పారిపోయాం. నేనొక్కణ్ణే బయటికొచ్చాను. ఆ పేజీ చదివిన రోజు లైబ్రరీలో ఏడ్చాను. అలాంటి మాట గుర్తుండాలా వద్దా? గుర్తుండాలి కదా!" మళ్లీ ఏడ్చాడు. మా గదిలో నాలుగు కీబోర్డులూ ఒక్కసారి ఆగిపోయాయి.

నా నోరు ఊరుకోదుగా. "మిగతా పదహారు ఎలా ఉన్నాయో ఇదీ అలాగే రాసేద్దాం సార్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నీకు తెలుస్తుంది. ఇదొక్కటి మనం కల్పిస్తే మిగతా పదహారూ దేనికి?" కళ్లు తుడుచుకుని, "కొట్టు," అన్నాడు. "ఈ చోట వ్యాఖ్యాత మాటలు నా పొరపాటు వల్ల పోయాయి. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు."

"పొరపాటు నాది సార్. మీది కాదు."

"అట్ట మీద నీ పేరుందా?"

"లేదు."

"అయితే నాది. కొట్టు."

కొట్టాను. గడువు రోజు సాయంత్రం నాలుగింటికి మూడు ప్రతులూ వెళ్లాయి.

వేసవి సెలవులు అయ్యాక, మార్చిలో, పరీక్షకుల నివేదికలు వచ్చాయి. ఒకాయన బాగా మెచ్చుకున్నాడు. వేరే దేశంలో ఉన్న రెండో ఆయన కూడా మెచ్చుకుని, ఒక్క సవరణ అడిగాడు. పోగొట్టుకున్న చోటు గురించిన ఆ వాక్యం పరిశోధనకి శోభనివ్వదు, దాన్ని తీసేసి, అంతటా పదిహేడుని పదహారు చెయ్యమన్నాడు. అలా చేస్తే వెంటనే డిగ్రీ. ప్రొఫెసరు రిటైరై వెళ్లిపోయాడు. సవరణల కాగితం నేరుగా మా గదికి వచ్చింది, పైన నా పేరు రాసి. పది నిమిషాల పని. పెద్దాయనకి అప్పటికి కిటికీలో వెలుతురు తప్ప ఏమీ కనపడడం లేదు. నేను దిద్ది పంపితే ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు.

ముందే చెప్పేస్తాను, డిగ్రీ వచ్చింది. ఆ వాక్యం తీయలేదు. ఎందుకు తీయమో ఒక పేజీ ఉత్తరం రాశాం. ఆ పరీక్షకుడు కూడా పెద్దమనిషే, ఒప్పుకున్నాడు. కానీ నేను చెప్పదలచుకున్నది డిగ్రీ సంగతి కాదు. ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లిన మధ్యాహ్నం సంగతి.

ఆయన కిటికీ పక్కన సోఫాలో ఉన్నాడు. నివేదిక మొత్తం చదివాను, ఒక్క మాట వదలకుండా. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"పదహారు అంటే అబద్ధం కాదు," అన్నాడు చివరికి. "చూపించగలిగినవి పదహారే. ఆ పరీక్షకుడు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. కానీ మావాడు రాసింది పదిహేడు చోట్ల. నేను చదివాను. పదహారు అంటే ఆ కొండ మీద సంగతి అసలు లేనట్టే అవుతుంది." ఆగాడు. "నేను ముసలాణ్ణి. ఆ డిగ్రీ కాగితం చేత్తో పట్టుకోవాలని నాకూ ఉంది. నువ్వేమంటావు?"

నాలో ఉన్న పాస్టరుగారి కూతురు వెంటనే నోరు తెరిచింది. తీసేయండి సార్ అనొచ్చు. వద్దు సార్, సత్యమే గెలుస్తుంది అని అంతకంటే గొప్పగా అనొచ్చు. రెండూ నాలుక చివరే ఉన్నాయి. ఏదన్నా ఆయనకి నచ్చేదే, ధైర్యంగా ఉండేదే. కానీ నిజంగా ఏది సరో నాకు తోచలేదు. ముప్పై మూడేళ్లు వచ్చాక, ఒక పెద్దవాడు సలహా అడిగితే, జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాను.

"నాకు తెలియదు, సార్."

తిడతాడేమో అనుకున్నాను. ఆయన మొహం మెల్లగా సడలింది. చేత్తో తడుముకుని, పక్కన ఉన్న పుస్తకాలు, శాలువా, మాత్రల డబ్బా ఒక్కొక్కటే తీసి కింద పెట్టి సోఫాలో సగం ఖాళీ చేశాడు.

"కూర్చో," అన్నాడు. "ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే ఆలోచిస్తున్నాను."